పెళ్లి, విడాకులు, ఆస్తి పంపకం: విజయవాడ, గుంటూరు కుటుంబాలకు అడుగడుగునా మార్గదర్శి

విడాకులు తీసుకుంటే భర్త ఆస్తిలో సగం తమదవుతుందని నమ్మే అమ్మాయిలు మన దగ్గర చాలామంది ఉన్నారు. కోర్టుకెక్కితే ఉన్న ఇల్లూ పొలమూ పోతాయని హడలిపోయే అబ్బాయిల తల్లిదండ్రులూ ఉన్నారు. ఈ రెండూ నిజం కావు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అవుతుంది గానీ, మనకు అలాంటి చట్టం లేదు. పెళ్లయినంత మాత్రాన ఒకరి ఆస్తి రెండోవారిది కాదు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఫ్యామిలీ కోర్టు అడిగేది మూడే. ఆస్తి ఎవరి పేరున ఉంది? ఎవరి డబ్బుతో వచ్చింది? అందుకు కాగితం ఏది?

ఎక్కువమంది ఓడిపోయేది మూడో ప్రశ్న దగ్గరే, అందులోనూ ఆడపిల్లలు. ఏళ్ల తరబడి జీతమంతా ఇంటికే పెట్టి, చివరికి చేతిలో ఒక్క రసీదు కూడా లేక కూర్చున్నవాళ్లని చూస్తే బాధేస్తుంది. అందుకే తాంబూలాల దగ్గర నుంచే మొదలుపెడుతున్నాను. ఇప్పటికే గొడవల్లో ఉన్నవాళ్లు నేరుగా నాలుగో అడుగుకి వెళ్లొచ్చు.

మొదటి అడుగు: మీకు ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

ఇద్దరూ హిందువులైతే (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు) 1955 నాటి హిందూ వివాహ చట్టం. క్రైస్తవులైతే పెళ్లికి 1872 చట్టం, విడాకులకు 1869 చట్టం. ముస్లింలకు షరియత్‌తో పాటు 1939 నాటి వివాహ రద్దు చట్టం, 2019లో తక్షణ మూడు తలాక్‌ని నేరం చేసిన చట్టం. మతాంతర వివాహాలకు, రిజిస్టర్ పెళ్లి చేసుకునేవాళ్లకు 1954 ప్రత్యేక వివాహ చట్టం. దీనికి పెళ్లికి ముందు 30 రోజుల నోటీసు తప్పనిసరి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో నెల రోజులుగా నివాసం ఉండాలి.

మన ప్రాంతంలో తరచూ వచ్చే చిక్కు ఒకటుంది. సర్టిఫికెట్లలో హిందువు అని ఉంటుంది, పెళ్లి మాత్రం చర్చిలో పాస్టరుగారు చేస్తారు. అలాంటి కుటుంబం విడాకులకు వెళ్తే, ఏ చట్టం కింద పిటిషన్ వేశారన్న దగ్గరే అవతలి లాయరు అడ్డుపడొచ్చు. ఈ సంగతి దాచిపెట్టకండి. మొదటి రోజే లాయరుకి ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండో అడుగు: పెళ్లిరోజు నాటికే మూడు కాగితాలు

మొదటిది రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ప్రకారం ఏ మతం వారైనా పెళ్లిని నమోదు చేయించాల్సిందే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్, వయసు ధ్రువపత్రాలు, సాక్షులను తీసుకెళ్తే పని అవుతుంది. నమోదు చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. కాకపోతే రేపు భరణం అడిగినా, వీసా అడిగినా ముందు అడిగేది ఆ సర్టిఫికెట్టే. ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఏ తంతూ జరగకుండా సర్టిఫికెట్ మాత్రమే తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. వీసా తొందరలో ముందు సర్టిఫికెట్, తర్వాత ముహూర్తం అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

రెండోది కానుకల జాబితా. దీన్ని దాదాపు ఎవరూ రాయరు, కానీ చట్టంలో ఉంది. 1985 నాటి నియమాల ప్రకారం పెళ్లికూతురికి వచ్చిన కానుకల జాబితా ఒకటి, పెళ్లికొడుక్కి వచ్చిన వాటి జాబితా ఒకటి రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు అన్న వివరాలతో రాసి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. "ఇప్పుడు ఇవన్నీ రాస్తే వియ్యంకులు ఏమనుకుంటారో" అని పెద్దలు మొహమాటపడతారు. కనీసం నగల షాపు బిల్లులు, బరువుతో సహా, అమ్మాయి దగ్గర ఒక సెట్టు, పుట్టింట్లో ఒక సెట్టు ఉంచండి. పెళ్లి ఆల్బమ్ కూడా సాక్ష్యమే. హారం, వంకీలు, వడ్డాణం ఒంటిమీద ఉన్న ఫొటో ఒక్కటి చాలు, "అసలు ఆ నగలే లేవు" అన్న వాదన నిలబడదు.

కట్నం సంగతి సూటిగా చెబుతాను. ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే. అయినా ఇచ్చారనుకోండి, 6వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము ఎవరి చేతికి వెళ్లినా మూడు నెలల్లోగా అమ్మాయికి అప్పగించాలి. మామగారు తీసుకున్నా, ఆడపడుచు లాంఛనం పేరుతో పోయినా, కట్నంగా ఇచ్చినదైతే అంతే. "మేం ఇచ్చామని చెబితే మా మీదే కేసు అవుతుందేమో" అని చాలామంది నోరు విప్పరు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలాన్ని పట్టుకుని వాళ్లమీద కేసు పెట్టకూడదని అదే చట్టం 7వ సెక్షన్‌లో ఉంది.

మూడోది పసుపు కుంకుమ పొలం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దీనివల్ల చాలా నష్టం జరుగుతోంది. మాటలు ఇలా ఉంటాయి:

"అమ్మాయికి ఎకరం రాశామండి."

"రిజిస్టర్ చేయించారా బాబాయిగారూ?"

"లేదమ్మా, తాంబూలాలప్పుడు తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో రాసుకున్నాం. కౌలు శిస్తు అల్లుడికే పంపుతున్నాం."

ఆ తెల్లకాగితం వల్ల పొలం అమ్మాయిది కాదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ దస్తావేజు ఉండాలి. గిఫ్ట్ డీడ్ గానీ సెటిల్‌మెంట్ దస్తావేజు గానీ రాయించి, మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించి, పట్టాదారు పాసుపుస్తకం ఆమె పేరున తెప్పించి, మీభూమి వెబ్‌సైట్‌లో 1బి, అడంగల్ తీసి చూసుకుంటేనే పని పూర్తయినట్టు. అమరావతిలో 2015లో భూసమీకరణ జరిగినప్పుడు ఇది బాగా బయటపడింది. పొలం నోటిమాట మీద కూతురిది, రికార్డులో తండ్రిది అయినచోట, తిరిగిచ్చే ప్లాటు రికార్డులో పేరున్నవాళ్లకే వస్తుంది. తండ్రి పోయాక అన్నదమ్ములు మనసు మార్చుకుంటే ఆ ఆడపిల్లకి మిగిలేది ఆ తెల్లకాగితమే.

మూడో అడుగు: కాపురం బాగున్నప్పుడే ఆస్తి పేర్లు సరిచూసుకోండి

బాగున్నప్పుడు ఇవి అడిగితే అనుమానించినట్టు ఉంటుందని వెనకాడతారు. అనుమానం ఏమీ లేదు, బ్యాంకువాళ్లు అడిగినట్టే అడగండి.

తాడేపల్లిలో ఒక జంట ఫ్లాటు కొన్నారనుకుందాం. అడ్వాన్సులో భర్త 10 లక్షలు, భార్య 8 లక్షలు పెట్టారు. ఆమె డబ్బు పుట్టింటి నుంచి వచ్చింది, నగదుగా ఇచ్చేసింది. రిజిస్ట్రేషన్ భర్త ఒక్కడి పేరునే. ఈఎంఐ అతని ఖాతా నుంచి పోతుంది, ఇంటి ఖర్చంతా ఆమె జీతంలోంచి నడుస్తుంది. పదేళ్ల తర్వాత విడిపోతే? కాగితం ప్రకారం ఫ్లాటు అతనిది. కూరగాయలకీ, స్కూలు ఫీజులకీ పెట్టిన ఆమె జీతం లెక్కలోకి రావడం చాలా కష్టం. అదే ఆమె 8 లక్షలు తన ఖాతా నుంచి నేరుగా బిల్డరుకి పంపి, దస్తావేజులో ఇద్దరి పేర్లూ వేయించి, ఎవరి వాటా ఎంతో రాయించి ఉంటే చిక్కే లేదు. వాటాలు రాయకపోతే, ఎవరు ఎంత పెట్టారో దాన్నిబట్టి వాటాలు. ఎవరు ఎంత పెట్టారో తేలకపోతే సమానం. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెప్పేది ఇదే.

దీనికి తలకిందులుగా, భర్త తన సంపాదనతో భార్య పేరున స్థలం కొని, తర్వాత అది నాదే అంటాడు. తెలిసిన ఆదాయంతో భార్య పేరున కొన్నది బినామీ నిషేధ చట్టం కిందికి రాదు, కాబట్టి అతను దావా వేయొచ్చు. కానీ డబ్బు తనదేననీ, ఆమెకి ఇచ్చేయాలన్న ఉద్దేశం తనకు లేదనీ రుజువు చేయాల్సింది అతనే. అది తేలిక కాదు.

మన ప్రాంతంలో డబ్బు ఫ్లాట్లలోనే ఉండదు. ప్రామిసరీ నోట్లలో, చీటీల్లో, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి టిక్కీల (బస్తాల) బాండ్లలో, యార్డులో కమీషన్ దుకాణం వాటాలో ఉంటుంది. అమ్మాయికిచ్చిన సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పడం మామూలే. ఆ నోట్లు ఎవరి పేరున రాయిస్తున్నారో చూడండి. డిమాండ్ ప్రామిసరీ నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్లే కాలపరిమితి. ఆ లోపల చెల్లు వేయించడమో, నోటు తిరగరాయించుకోవడమో చేయకపోతే కోర్టులో వసూలు కాదు. భార్యాభర్తలు మాటలు మానేసి రెండేళ్లు గడిపే లోపు బీరువాలో నోట్లు కాలం చెల్లిపోతాయి. ఆ నష్టం ఇద్దరిదీ.

నాలుగో అడుగు: తేడా వచ్చిందని తెలిసిన వెంటనే

టెన్షన్‌లో ఉన్నప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి కోపంలో కట్టుబట్టలతో ఇల్లు వదిలి రావడం, రెండోది పెద్దమనుషులు పెట్టమన్నచోట సంతకం పెట్టడం.

ప్రాణానికి ముప్పుంటే ఏమీ ఆలోచించకుండా బయటికి రండి. మహిళల హెల్ప్‌లైన్ 181. ముప్పు లేకపోతే, కదిలే ముందు వీటి ఫొటోలు తీసుకోండి: ఆస్తి దస్తావేజులు, పాసుపుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఇన్సూరెన్స్ బాండ్లు, జీతం స్లిప్పులు, లాకర్ వివరాలు, పిల్లల సర్టిఫికెట్లు, అందరి పాస్‌పోర్టులు. దస్తావేజు దొరక్కపోయినా సర్వే నంబరు తెలిస్తే చాలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయొచ్చు, సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు.

ఇంట్లో ఉండే హక్కు, ఇంటి మీద యాజమాన్యం వేరువేరు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లోంచి భార్యను చట్టబద్ధంగా తప్ప గెంటడానికి లేదు. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఈ హక్కు వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. అయితే ఇది నీడ కోసం ఇచ్చిన హక్కు. దీనివల్ల ఇంట్లో వాటా రాదు. ఇదే చట్టం కింద మేజిస్ట్రేటు నగలు, వస్తువులు తిరిగివ్వమని కూడా ఆదేశించవచ్చు.

డబ్బు లేదని లాయరు దగ్గరికి వెళ్లకుండా ఆగిపోవద్దు. 1987 న్యాయసేవాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే లాయరుని కేటాయిస్తారు. ఫోన్ నంబరు 15100.

ఐదో అడుగు: పెద్దమనుషుల విడాకుల కాగితాన్ని నమ్మకండి

స్టాంపు కాగితం మీద "ఇకమీదట మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు" అని రాసి, నోటరీ చేయించి, ఇరువైపుల పెద్దలు సంతకాలు పెడితే విడాకులైపోయాయని ఇప్పటికీ పల్లెల్లో నమ్మకం. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాదనలేదు. కానీ ఆ కులంలో, ఆ ప్రాంతంలో అలాంటి ఆచారం ఎప్పటినుంచో ఉందని కోర్టులో రుజువు చేయాలి. చేయలేకపోతే మొదటి పెళ్లి అలాగే ఉన్నట్టు. రెండో పెళ్లి చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్షపడే నేరం కూడా.

ఇందులో ఎక్కువ బలయ్యేది రెండో పెళ్లి చేసుకున్న అమాయకురాలు. అబ్బాయికి ఇదివరకే విడాకులయ్యాయంటే, కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ చూపించమని నిర్మొహమాటంగా అడగండి.

పెద్దమనుషులు అక్కర్లేదని కాదు. లెక్కలు తేల్చడంలో, నగలు తిరిగిప్పించడంలో వాళ్ల సాయం చాలా విలువైనది. వాళ్ల సమక్షంలో కుదిరిన ఒప్పందాన్ని కోర్టుకి తీసుకెళ్లి డిక్రీగా మార్చుకోండి, అంతే.

ఆరో అడుగు: ఆస్తిని నాలుగు కుప్పలుగా విడదీయండి

విడాకుల పిటిషన్ రాయించకముందే ఒక నోటుబుక్కులో ఇది చేయండి.

మొదటి కుప్ప స్త్రీధనం. పెళ్లికి ముందు, పెళ్లిలో, తర్వాత ఆమెకి ఎవరిచ్చినా అది ఆమెదే. నగలు అత్తగారి బీరువాలో ఉన్నా, భర్త లాకరులో ఉన్నా అంతే. 1985లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 ఆగస్టులో ఇంకో అడుగు ముందుకేసింది: కూతురు అధికారం ఇవ్వకుండా ఆమె స్త్రీధనం కోసం తండ్రి కూడా కేసు పెట్టలేడు. అంటే విడాకులప్పుడు "నగలు మా నాన్నకి ముట్టాయి" అన్న మాటతో ముగించకండి. అమ్మాయి చేతికి ముట్టినట్టు, ఆమె సంతకంతో, వస్తువు వస్తువుగా రాయించండి. భర్త ఆ నగలు తాకట్టు పెట్టి గోల్డ్ లోన్ తెచ్చి ఉంటే, ఆ రసీదులో నగల వివరాలు, బరువు ఉంటాయి. అది దొరికితే మంచి సాక్ష్యం.

రెండో కుప్ప ఎవరి సొంతం వారిది. సొంత సంపాదన, పుట్టింటి నుంచి వచ్చినది, వీలునామా ద్వారా వచ్చినది. ఆమెకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వచ్చే వాటా కూడా ఇందులోకే వస్తుంది. ఈ విషయంలో మన రాష్ట్రం దేశం కంటే ముందే నడిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఇచ్చింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వాటాలో అల్లుడికి హక్కేమీ లేదు.

మూడో కుప్ప ఇద్దరి పేరున ఉన్నవి, ఇద్దరికీ కలిపి ఇచ్చినవి. పెళ్లి సందర్భంలో ఇద్దరికీ కలిపి వచ్చిన వాటిని ఎలా పంచాలో విడాకుల డిక్రీలోనే చెప్పే అధికారం హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కోర్టుకిచ్చింది. ఫ్రిజ్, మంచం, కారు ఈ లెక్కలోకొస్తాయి. ఉమ్మడి ఫ్లాటు ఉంటే మూడు దారులు: ఒకరు రెండోవారి వాటా కొనుక్కోవడం, అమ్మి పంచుకోవడం, పిల్లల పేరున సెటిల్ చేయడం. లోను ఉంటే జాగ్రత్త. మీ ఇద్దరి ఒప్పందం బ్యాంకుని కట్టడి చేయదు. ఈఎంఐ ఆయన కడతాడని డిక్రీలో ఉన్నా, ఆయన ఎగ్గొడితే సహ రుణగ్రహీతగా నోటీసు ఆమెకీ వస్తుంది. లోను ఒకరి పేరుకి మార్పించుకున్నాకే వాటా వదులుకోండి.

నాలుగో కుప్ప భర్త కుటుంబం ఉమ్మడి ఆస్తి. భర్త బతికుండగా భార్య అందులో పంపకం అడగలేదు. కానీ పిల్లలకు, కొడుకైనా కూతురైనా, పుట్టుకతోనే వాటా ఉంటుంది. తల్లి సంరక్షకురాలిగా ఉండి మైనరు పిల్లల తరఫున పంపకం దావా వేయొచ్చు. మన జిల్లాల కోర్టుల్లో ఇది బాగా వాడే దారి. అయితే "తాత ఆస్తి" అన్నదల్లా ఉమ్మడి ఆస్తి కాదు. తాత సొంతంగా సంపాదించినది, 1956 తర్వాత ఆయన పోయాక వారసత్వ చట్టం ప్రకారం తండ్రికి వచ్చి ఉంటే, అది తండ్రి సొంత ఆస్తే. పాత దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించకుండా ఈ దావా వేయకండి, ఏళ్లు వృథా అవుతాయి.

ఏడో అడుగు: ఇష్టపూర్వక విడాకులు

ఇద్దరూ ఒప్పుకుంటే ఇదే మేలైన దారి. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ప్రకారం పెళ్లయి, కనీసం ఏడాదిగా విడిగా ఉంటుండాలి. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా ఉండకపోతే విడిగా ఉన్నట్టే. క్రైస్తవుల చట్టంలో ఈ గడువు రెండేళ్లని రాసి ఉంది.

పిటిషన్ ఎక్కడ వేయాలి? పెళ్లి జరిగిన ఊరు, చివరగా కలిసి కాపురం చేసిన ఊరు, ఇలా ఏది ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ. భార్య వేసే కేసైతే ఆమె ఇప్పుడు ఉంటున్న ఊళ్లోనూ వేయొచ్చు. విజయవాడ, గుంటూరుల్లో ఫ్యామిలీ కోర్టుంది. అది లేని పట్టణాల్లో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. ఇద్దరి సంతకాలతో పిటిషన్ వేశాక కోర్టు వాంగ్మూలాలు తీసుకుంటుంది. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. అప్పుడు డిక్రీ. విడిపోయి చాలాకాలమై, భరణం, పిల్లలు అన్నీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు వేరే అర్జీ పెట్టాలి.

డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే డబ్బు మొత్తం ముందే ఇవ్వడమూ, అన్నీ చివరికి వాయిదా వేయడమూ రెండూ ప్రమాదమే. సగం మొదటి వాంగ్మూలం రోజు, మిగతా సగం రెండో వాంగ్మూలం రోజు, జడ్జిగారి ఎదుట డీడీ రూపంలో ఇచ్చుకోవడం అందరికీ క్షేమం. ఒప్పందంలో నగలు, ఇల్లు, అప్పులు, పిల్లలు ఎవరి దగ్గర, సెలవుల్లో ఎవరి దగ్గర, పెండింగులో ఉన్న కేసులు ఎలా ముగుస్తాయి అన్నీ రాయండి. కట్నం వేధింపుల కేసుంటే హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టివేత) పిటిషన్‌కి ఎవరు ఏ తేదీలోగా సహకరించాలో కూడా. "ఇకమీదట పిల్లలకు కూడా ఏమీ అడగను" అన్న వాక్యం మీద ఏ తల్లీ సంతకం పెట్టొద్దు. పిల్లల హక్కును వదులుకునే అధికారం తల్లిదండ్రులకు లేదు.

స్థిరాస్తి చేతులు మారుతుంటే సెటిల్‌మెంట్ దస్తావేజు డిక్రీకి ముందే, ఇంకా భార్యాభర్తలుగా ఉండగానే రిజిస్టర్ చేయించుకోండి. కుటుంబ సభ్యుల మధ్య స్టాంపు డ్యూటీ తక్కువ. పైగా కేసులో లేని ఆస్తిని రాజీ డిక్రీలో రాసినంత మాత్రాన సరిపోదు, దానికి మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలి.

ఎనిమిదో అడుగు: ఒకరే కోరే విడాకులు

హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లయిన ఏడాది లోపు, అసాధారణ కష్టం ఉంటే తప్ప, పిటిషన్ వేయడానికి లేదు. క్రూరత్వం, రెండేళ్లకు పైగా వదిలేయడం, వివాహేతర సంబంధం, మతం మారడం, తీవ్ర మానసిక వ్యాధి వంటివి కారణాలు. "మాకు పొసగడం లేదు" అన్నది మాత్రం చట్టంలో కారణం కాదు. పూర్తిగా విరిగిపోయిన కాపురాలను రాజ్యాంగం 142వ అధికరణం కింద రద్దు చేసే అధికారం సుప్రీంకోర్టుకే ఉందని 2023 మేలో తీర్పు వచ్చింది. గుంటూరు కోర్టులో ఆ తీర్పు చూపించి విడాకులు అడగలేరు.

ఫ్యామిలీ కోర్టు ముందు కౌన్సెలింగుకి పంపుతుంది. దాన్ని వాయిదా తంతుగా తీసుకోకండి. కలవడానికి కాకపోయినా, లెక్కలు మర్యాదగా తేల్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది.

తొమ్మిదో అడుగు: భరణం

భరణం, ఆస్తి రెండూ వేరు. ఆస్తి పేరున లేకపోయినా భరణం వస్తుంది. హిందూ వివాహ చట్టంలో కేసు నడుస్తుండగా భరణానికి 24వ సెక్షన్, డిక్రీలో శాశ్వత భరణానికి 25వ సెక్షన్ ఉన్నాయి. ఈ రెండూ భర్త కూడా అడగొచ్చు. వీటితో సంబంధం లేకుండా, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కూడా భరణం అడగొచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 ఇదే. విడాకులైన ముస్లిం మహిళలకూ 125 వర్తిస్తుందని 2024 జూలైలో, ఇదీ తెలంగాణ కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది.

2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాల్సిందే. మిర్చి వ్యాపారం, సాగు, వడ్డీ ఆదాయం ఉన్నవాళ్లు "నాకు జీతం లేదు" అని రాస్తారు. అప్పుడు మూడో అడుగులో చెప్పిన నోట్లు, కోల్డ్ స్టోరేజీ బాండ్లు, జీఎస్టీ రిటర్నుల వివరాలు బయటపెట్టమని కోర్టుని కోరాలి. భరణం దరఖాస్తు తేదీ నుంచి లెక్కిస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి. జీతంలో 25 శాతం అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది 2017 నాటి ఒక కేసులో సమంజసమని చెప్పిన కొలత, చట్టం కాదు. భార్య ఉద్యోగం చేస్తోందన్న ఒక్క కారణంతో భరణం ఆగిపోదు, ఎంత అన్నది మాత్రం మారుతుంది.

ఒకేసారి పెద్ద మొత్తం కాకుండా నెలనెలా తీసుకుంటే, భర్త స్థిరాస్తి మీద దానికి హామీగా ఛార్జ్ వేయమని 25వ సెక్షన్ కిందే అడగండి. ఇది అడగడం చాలామంది మర్చిపోతారు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో పెళ్లికొడుకు, ఇక్కడ అమ్మాయి, అక్కడి కోర్టు నుంచి ఒకరోజు విడాకుల కాగితం. ఈ సమస్యకు దారి చూపిన తీర్పు కూడా తెలుగువాళ్ల కేసులోనే వచ్చింది. తిరుపతిలో జరిగిన పెళ్లికి అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి చట్టం గుర్తించే కారణం మీద కాకుండా, భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా, సరిగా వాదించుకునే అవకాశం లేకుండా వచ్చిన డిక్రీకి ఇక్కడ విలువ లేదు. అక్కడి నుంచి సమన్లు వస్తే చించేయకండి, వెంటనే జవాబిచ్చి కూర్చోకండి. రెండు దేశాల లాయర్లనూ అడిగాకే కదలండి.

డిక్రీ వచ్చాక

సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. పోరాడి తెచ్చుకున్న డిక్రీ అయితే అప్పీలు గడువు, హిందూ వివాహ చట్టం ప్రకారం 90 రోజులు, దాటేదాకా మళ్లీ పెళ్లి మాట ఎత్తవద్దు. ఇష్టపూర్వక డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టు చట్టం ప్రకారం అప్పీలు లేదు.

పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాల్లో నామినీ మార్చండి. డిక్రీతో అది దానంతట అదే మారదు. ఆమె వీలునామా రాయడం ఇంకా ముఖ్యం. పిల్లల్లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రమే పుట్టింటివైపు తిరిగి వెళ్తుంది. తండ్రి గిఫ్ట్ డీడ్ ద్వారా ఇచ్చిన పొలం, సొంత సంపాదన భర్త వైపు వెళ్లే ప్రమాదం ఉంది. విడాకుల కేసు నడుస్తుండగా ఇది జరిగితే ఆ భర్తే వారసుడవుతాడు. డిక్రీ దాకా ఆగకుండా, కేసు వేసిన వారమే వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి.

రావాల్సిన డబ్బు ఆగిపోతే, ఫ్యామిలీ కోర్టు డిక్రీకి ఎగ్జిక్యూషన్ (అమలు) పిటిషన్ వేయడానికి పన్నెండేళ్ల గడువుంది. 144 కింద వచ్చిన నెలవారీ భరణం బకాయికి మాత్రం ఏడాదే. ఈ నెల రావాల్సిన డబ్బు ఆగితే, వచ్చే ఏడాది ఇదే నెలలోపు వసూలు దరఖాస్తు పడాలి.